వంపు దగ్గర తాడు

"మీ అన్న మళ్ళీ తాగొచ్చాడు," అంది కోచ్, బట్టలు మార్చుకునే గది తలుపు దగ్గరగా వేసి.

బెంచీ మీద కూర్చున్న అమ్మాయి బూటు లేసు ముడిని వేళ్ళతో తడిమి చూసుకుంది. "మాన్పిస్తాను మేడమ్."

"ఎప్పుడు? నిన్ను కింద పడేశాకా?"

అమ్మాయి వంగి రెండో బూటు లేసు బిగించింది. చిన్నతనంలోనే చూపు పోయిన పిల్ల. ఒలింపిక్స్ ముగిశాక అదే మైదానంలో తనలాంటివాళ్ళకి జరిగే పోటీల్లో క్రితంసారి వెండి పతకం తెచ్చింది. పరిగెత్తేటప్పుడు ఆమె మణికట్టుకీ అన్న మణికట్టుకీ మధ్య జానెడు తాడు ఉంటుంది. అది తండ్రి పేనిన తాడు. నడివయసులో తన చూపూ పోయాక ఆయన నేర్చుకున్న పని అదొక్కటే. ఆయన పోయాడు, తాడు మిగిలింది.

పరుగు సాగినంతసేపూ ఆ తాడు వదులుగా ఉండాలి. అన్న పక్కనే పరిగెడుతూ దారి చెప్పాలి తప్ప లాగకూడదు. లాగితే జడ్జి జెండా ఎత్తుతాడు, పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఆఫీసు గోడ మీద ఇద్దరి ఫోటో ఉంది. చెల్లెలు గీత దాటుతుంటే అన్న అరడుగు వెనక, నోరు తెరిచి అరుస్తూ. కోచ్ వాళ్ళకి జోడెద్దులని పేరు పెట్టింది.

ఈ మధ్య వంపుల దగ్గర ఆ తాడు బిగుస్తోంది. దూరం నుంచి చూసినా కోచ్‌కి తెలుస్తూనే ఉంది.

"మీ అన్న దర్జీ పని మానేశాడు. మిషను ఎవరికో ఇచ్చేశాడు. నీ బనీను మీద నంబరు కుట్టాడే, తేలు పాకినట్టుంది. చూసుకున్నావా?" అనేసి కోచ్ నాలుక కరుచుకుంది.

అమ్మాయి నవ్వింది. "చూశాను మేడమ్. బాగానే ఉంది."

"నీకు నవ్వులాటగా ఉంది. నిన్న నీళ్ళ డ్రమ్ముని గుద్దుకున్నాడు. గుద్దుకుని, సారీ అండీ అన్నాడు, డ్రమ్ముతో. అందరూ పడీ పడీ నవ్వారు. ఒక్క పతకానికే కళ్ళు నెత్తికెక్కాయి వాడికి."

అమ్మాయి నవ్వు ఆగిపోయింది. "అన్నయ్యకి ఈ పరుగొక్కటే మిగిలింది మేడమ్. ఇదీ తీసేస్తే తీసుకెళ్ళి మూల కూర్చోబెట్టినట్టే."

"వాడి సంగతి సరే, నీ సంగతో? ఇవాళ నెగ్గితేనే జట్టులో చోటు. మన పోస్ట్‌మన్ నీ పక్కన పరిగెత్తడానికి బయట సిద్ధంగా ఉన్నాడు. మంచి కాళ్ళు, మంచి గొంతు. నువ్వు ఊఁ అంటే చాలు."

"ఊహూఁ."

"మొండిఘటం."

"ఈ మైదానం నా అరచెయ్యి మేడమ్. రేకుల కంచె దగ్గర గాలి చప్పుడు మారితే వంపు. నేల కాస్త ఎడమకి వాలుతుంది. అన్నయ్య తూలినా నేను తూలను."

"పరాయి దేశపు మైదానం నీ అరచెయ్యి కాదు."

అమ్మాయి తలుపు వైపు చెవి రిక్కించింది.

తలుపు తెరుచుకుంది. మనిషికంటే ముందు సారా వాసన లోపలికి వచ్చింది. అన్న గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"తాగావా?"

"తాగాను మేడమ్."

తాగినవాళ్ళు అమ్మతోడు తాగలేదంటారు. ఇతను అడగడమే ఆలస్యం ఒప్పేసుకున్నాడు.

"తప్పే. ఇవాళ్టికి వదిలెయ్యండి. రేపట్నించి పోస్ట్‌మన్‌నే పెట్టుకోండి."

"అన్నయ్యా."

"నువ్వూరుకో."

చెల్లెలు లేచి వెళ్ళి అతని చెయ్యి దొరకబుచ్చుకుని మణికట్టుకి తాడు కట్టింది. ఇదివరకు ఆ ముడి అతనే వేసేవాడు. కట్టడం అయ్యాక కూడా ఆమె ఆ చెయ్యి వదల్లేదు. ఇద్దరూ ఒకరినొకరు ఆనుకుని బయటికి నడిచారు.

బెంచీ కింద అతని సంచీ ఉండిపోయింది. సీసా బయట పారేద్దామని కోచ్ సంచీలో చెయ్యి పెట్టింది. సారాలో తడిపిన జేబురుమాలు తగిలింది. దాని కింద సీసా. పోయినవారం ఆమె కంటబడిన సీసానే, మెడ దగ్గర కాగితం చిరిగినది. అందులో సారా ఒక గుక్కకి మించి తగ్గలేదు. రోజూ తాగేవాడి సీసా ఇంత నిండుగా ఎందుకుంది? ఆలోచించే వ్యవధి లేదు. బయట ఈల మోగింది.

కోచ్ గీత దగ్గరికి వెళ్ళలేదు. వంపు దగ్గరికి వెళ్ళి, వెలుపలి అంచున నిలబడింది. తాడు బిగుస్తే జడ్జి జెండా ఎత్తకముందే తనే చెయ్యెత్తి పరుగు ఆపించాలి. అప్పుడైతే, పోస్ట్‌మన్‌తో మళ్ళీ పరిగెత్తనివ్వమని కాళ్ళావేళ్ళా పడి అయినా అడగొచ్చు. అన్నాచెల్లెళ్ళని విడదీసిన పాపం తనకి చుట్టుకుంటే చుట్టుకోనీ.

తుపాకీ పేలింది.

జోడెద్దులు కదిలాయి. రెండు జతల కాళ్ళు, ఒకటే చప్పుడు. తాడు వదులుగా ఊగుతోంది. చెల్లెలు లోపలివైపు, అన్న వెలుపలివైపు. ముందున్న జంటని దాటేశారు. ఇంత వేగం కోచ్ ఈ ఏడాదిలో చూడలేదు. ఇలా పరిగెత్తే పిల్ల చేతికి అందిన చోటుని ఒక తాగుబోతు నేలపాలు చేస్తాడా అని ఆమె పళ్ళు కొరుక్కుంది.

రేకుల కంచె వచ్చింది. వంపు వచ్చింది.

అన్న తిరగలేదు. నిటారుగా, అదే వేగంతో, నేరుగా కోచ్ మీదికే వస్తున్నాడు. అతని కళ్ళు ఆమె ముఖం మీదే ఉన్నాయి. ఆ కళ్ళల్లో తడబాటు లేదు, తాగిన ఎరుపూ లేదు, ఎదురుగా ఉన్న ఆమెని చూసిన గుర్తూ లేదు.

తాడు ఫెళ్ళున బిగిసింది.

"వంపు!" అని అరిచాడు అన్న, అప్పుడు.

కోచ్ ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

లాగింది చెల్లెలు.