గంటకి పది

కుర్చీల రంగు దగ్గరే గంట గడిచింది.

నీలం బావుంటుందని కాలనీ ప్రెసిడెంటు. మెరూన్ అయితే మాసినా తెలియదని కాంట్రాక్టరు. కమిటీలో తక్కినవాళ్లు ఎవరు మాట్లాడితే వాళ్లకి తలలూపుతున్నారు.

లైబ్రేరియన్ మినిట్స్ పుస్తకంలో రెండు రంగులూ రాసుకుంది. ఆమెకి ఒళ్లు మండిపోతోంది. ఈ దరఖాస్తు చూసి ట్రస్టు నిధులిస్తే లైబ్రరీలోని ఈ ఖాళీ గది పిల్లలకి కంప్యూటర్ ల్యాబ్ అవుతుంది. ఇవ్వకపోతే సిమెంటు గోడౌన్ అవుతుంది. అయినా ఎంతమంది పిల్లలొస్తారో ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

“ఎంతమంది పిల్లలకండీ?” గుమ్మంలోంచి వినిపించింది.

పక్క సందులో నెట్ షాపు నడిపేవాడు. చెమటకి అట్టకట్టిన చొక్కా, వారం రోజుల గడ్డం. షాపు బోర్డు మీద ఏం రాసుందో కాలనీలో అతని పేరూ అదే. గంటకి పది.

ప్రెసిడెంటు ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నాడు. “నీకెందుకయ్యా?”

“కరెంటు పోతే పిల్లలు చేసుకున్న పనంతా పోతుందండీ. ముందు బ్యాటరీలు రాయండి. కూర్చోడానికి బెంచీలైనా చాలు.”

“వచ్చాడండీ సలహాలివ్వడానికి,” కాంట్రాక్టరు నవ్వాడు. “ఇక్కడ ఉచితంగా పెడితే నీ కొట్టు మూతపడుతుందని బెంగా?”

“అదికాదండీ. ఎప్పుడు తెరుస్తారో చెబితే...”

“చెబితే? ఈలోగా దండుకుంటావా?”

అతను జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ప్రెసిడెంటు దాన్ని పెన్ను చివరతో వెనక్కి నెట్టాడు, చచ్చిన బొద్దింకని నెట్టినట్టు.

“నీ కొటేషన్లు మాకొద్దు. బయల్దేరు.”

అతను లైబ్రేరియన్ వైపు చూశాడు. ఆమె తల వంచుకుని ఏదో రాస్తున్నట్టు నటించింది. బడి వదలగానే పిల్లలు ఆ చీకటి కొట్టులోకి దూరడం ఆమె రోజూ చూసేదే. పసివాళ్ల చిల్లర పీల్చే జలగ అనుకునేది.

అతను కాగితం తీసుకుని వెళ్లిపోయాడు.

“ట్రస్టువాళ్లొస్తే ముందు కళ్లబడేది ఆ రోత కొట్టే,” అన్నాడు ప్రెసిడెంటు. “మున్సిపాలిటీకి ఓ ఫిర్యాదు రాయండి మేడం.”

రాసింది. గాలి ఆడదు, వైర్లు వేలాడుతున్నాయి. ఎవరూ చెప్పకుండానే ఇంకో మాట తనే కలిపింది. పిల్లల్ని పాడుచేస్తున్నాడు.

ఎనిమిదో రోజున సామాను ఖాళీ చేయించి షాపుకి సీలు వేశారు. పాత మానిటర్లు తోపుడుబండికెత్తుకుని అతను వెళ్లిపోయాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

“పీడా వదిలింది,” అన్నాడు కాంట్రాక్టరు.

నెల తిరక్కుండా ట్రస్టు నుంచి కవరొచ్చింది.

“మంజూరైంది,” అంది లైబ్రేరియన్. గదిలో చప్పట్లు మోగాయి.

“నేను చెప్పలా? నీలం కుర్చీలకి పడిపోయారు,” అన్నాడు ప్రెసిడెంటు. “అంతా చదవండి, అందరూ వినాలి.”

ఆమె చదివింది. “మీ దరఖాస్తులో కుర్చీల రంగు ఉంది, పిల్లల సంఖ్య లేదు. కాబట్టి దాన్ని పక్కన పెట్టాము. పోస్టులో మాకు విడిగా అందిన కాగితాన్ని దీనికి జతపరుస్తున్నాము. అందులో ఉన్న ప్రతి ఇంటికీ ఫోన్ చేసి విచారించాకే ఈ నిధులిస్తున్నాము.”

చప్పట్లు ఆగిపోయాయి.

కవర్లోంచి నాలుగు మడతల కాగితం జారింది. నలభైమూడు మంది పిల్లల పేర్లు, ఇళ్ల ఫోన్ నంబర్లు. ఎవరికి టైపింగ్ వచ్చు, ఎవరు స్కాలర్‌షిప్పుకి దరఖాస్తు చేశారు, ఎవరికి కళ్లద్దాలు కావాలి. అట్టడుగున ఒక్క వాక్యం: నా గది ఇరుకు, వీళ్లకి లైబ్రరీ గది ఇప్పించండి.

ఆమెకి ఫిర్యాదు మీది తన దస్తూరీ గుర్తొచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

“షరతులేమైనా పెట్టారా?” ఈసారి ప్రెసిడెంటు గొంతు తగ్గింది.

“ఒక్కటే,” అని ఆఖరి వాక్యం చదివింది. “ఆరేళ్లుగా పిల్లల దగ్గర పైసా పుచ్చుకోకుండా కంప్యూటర్ నేర్పుతున్న మీ నెట్ షాపు మాస్టారి చేతికే ల్యాబ్ తాళాలు ఇవ్వాలి.”