నిదానం రాసిన ప్రశ్న

"ఇదే నీకు చివరి అవకాశం. ఇది కూడా పోతే నిన్ను పరీక్షకు పంపలేనమ్మా," అన్నారు మాస్టారు. అనేసి, ఆ అమ్మాయి ముఖం చూడలేక కిటికీ వైపు తిరిగారు.

బల్ల పక్కన నిలబడ్డ అమ్మాయి తలూపింది. తరగతిలో అందరూ ఆమెను నిదానం అంటారు. మాట నిదానం, నడక నిదానం, నవ్వు మరీ నిదానం. జోకు వేసినవాళ్ళు వెళ్ళిపోయాక నవ్వుతుంది.

ప్రసంగాల పాఠానికి మాస్టారి పద్ధతి వేరు. ప్రశ్నలు ఆయన ఇవ్వరు. పిల్లలే ఎక్కడైనా విన్న ప్రసంగం తెచ్చి, వక్త అలా ఎందుకు మాట్లాడాడో అడుగుతూ నాలుగు ఆప్షన్లతో ప్రశ్న రాయాలి. మిగతావాళ్ళు చేతులెత్తి జవాబు చెప్పాలి. అందరూ సరిగ్గా చెబితే ప్రశ్న మరీ తేలిక, చెల్లదు. ఒక్కరూ చెప్పలేకపోతే ప్రశ్నలోనే లోపం, అదీ చెల్లదు. ఒకరైనా నిలవాలి, ఒకరైనా పడాలి. నిదానం ప్రశ్నలకు ఇంతవరకూ ఎవరూ పడలేదు.

ఈసారి ఆమె తెచ్చింది ఒక బస్సు డ్రైవరు తన పదవీ విరమణ సభలో మాట్లాడిన మాటలు.

"ఇన్నేళ్ళూ మీరంతా నా వీపే చూశారు. ఇవాళ నేను మీ ముఖాలు చూస్తున్నాను. ఇంకేం చెప్పను, కూర్చుంటాను."

అంతే ప్రసంగం. ఆయన అంత త్వరగా ఎందుకు ముగించాడన్నది ప్రశ్న. చెప్పడానికి ఏమీ లేక అన్నది మొదటి ఆప్షను. నడుం నొప్పితో నిలబడలేక అన్నది రెండోది. కాఫీ చల్లారిపోతుందని మూడోది. మాటలకందని కృతజ్ఞతను మౌనంతో పలికించడానికి, నాలుగోది.

వినగానే తరగతి ఉసూరుమంది. నాలుగోదే జవాబని గోడలకు కూడా తెలిసిపోతోంది. ఎప్పుడూ ఫస్టొచ్చే అమ్మాయి ముందు బెంచీలో నుదురు కొట్టుకుంది.

మాస్టారు మొదటిది అడిగారు. ఎవరూ కదల్లేదు. రెండోది అనగానే ఫస్టమ్మాయి తలవంచుకుని చెయ్యెత్తింది. వెనక ఒకడు నవ్వు ఆపుకుంటూ తనూ ఎత్తాడు. ఆ తర్వాత ఒకరిని చూసి ఒకరు ఎత్తేశారు.

"నడుం నొప్పా? నువ్వేనా ఈ మాట అంటున్నది?" అన్నారు మాస్టారు ఫస్టమ్మాయితో.

"పెద్దాయన కదా మాస్టారూ, పాపం," అందామె బల్లకేసి చూస్తూ.

మూడోదానికి ఎవరూ లేరు. నాలుగోదానికీ ఒక్క చెయ్యి లేవలేదు. అప్పుడు తెలిసొచ్చింది పిల్లలకు తాము చేసిన పని. నిదానం కోసం తాను పడితే చాలు, నాలుగోది ఇంకెవరో ఒకరు చెబుతారులే అని ఎవరికి వారే అనుకున్నారు. ఎత్తిన చెయ్యి మార్చుకునే వీల్లేదు. ఫస్టమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ.

మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టి గొంతు సవరించుకున్నారు. గదిలో ఉన్నవాళ్ళెవరైనా జవాబు చెప్పొచ్చనీ, తానూ గదిలోనే ఉన్నాననీ అన్నారు. బడిపిల్లాడిలా చెయ్యి పైకెత్తారు.

"నాలుగోది. ఒకరు నిలిచారు, మిగతావాళ్ళంతా పడ్డారు. ప్రశ్న చెల్లింది. వెళ్ళి కూర్చోమ్మా."

తరగతి ఊపిరి పీల్చుకుంది. నిదానం మాత్రం కదల్లేదు. కాసేపు ఆలోచించుకుని నోరు విప్పింది.

"ప్రశ్న చెల్లుతుంది గానీ మాస్టారూ, జవాబు రెండోది. ఆ డ్రైవరు మా నాన్న, సభకు వెళ్ళేముందు ఆయన నడుముకు పట్టీ కట్టింది నేనే. పడింది మీరొక్కరే."