జెండా రంగు చొక్కా

స్కాట్లండ్‌లోని డండీ ఊరి ఎంపీ మొరాగ్ వంటింట్లో చొక్కా విప్పింది. పార్లమెంటు సభ్యులంతా చట్టప్రకారం తొడుక్కోవలసిన చొక్కా అది. కోపం వచ్చిన ఓటరు ఫోను నొక్కితే, ఆ చొక్కా సభ్యుడి ఒంటి మీద దెబ్బ వేస్తుంది. స్కాట్లండ్ వేరే దేశంగా విడిపోవాలని ఆమె లండన్ పార్లమెంటులో ఇరవై ఏళ్లుగా అరుస్తోంది. ఇవాళ సభలోనే పక్కటెముక విరిగి, నోట్లోంచి నెత్తురొచ్చింది.

"ఆ లండనోళ్ల చేతులు పడిపోను," అన్నాడు మొగుడు ఈవన్, కట్టు బిగిస్తూ.

"వాళ్లకా హక్కు లేదు. కొట్టేది మన ఓటర్లే. ఇంకా విడదీయలేదేమని."

ఈవన్ చేతులు ఆగాయి. "పోనీ, విడిపోయాక ఈ పీడ వదులుతుందిగా?"

మొరాగ్ సంచిలోంచి కొత్త చొక్కా తీసింది. నీలం గుడ్డ మీద తెల్లగా స్కాట్లండ్ జెండా గుర్తు.

"అప్పటికని మన పార్టీ కుట్టించింది. దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుందట. కొలత సరిపోతుందేమో చూడు."