ఆదివారం పాఠం

“సారు ఉన్నాడా అక్కా?”

ఆ చివరి మాటకు గోవిందమ్మ ఒళ్ళు మండింది.

వదినా అని పిలిస్తే ఏం పోయింది? అప్పుడు తన మొగుడు ఆమెకు అన్న అవుతాడు. అక్కా అంటే ఏమవుతాడు? బావ కాడూ!

ప్రకాశం జిల్లా కొత్తగా పుట్టిన రోజులవి. గోవిందమ్మ మొగుడు రామసుబ్బయ్య మార్కాపురం కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. ఈ రూతమ్మ ఎప్పుడో ఆయన దగ్గర చదివిందట. ఇప్పుడు గిద్దలూరులో టీచరు. ఆదివారం వచ్చిందంటే చాలు, బస్సు దిగి నేరుగా వచ్చి ఈ అరుగు మీద కూర్చుంటుంది.

“టీచరయినాక ఇంకా ఏంది ఈమె చదువు?” ఒకరోజు మొగుణ్ణి నిలదీసింది.

“పాత ఇంగ్లీషు కావ్యాలంటే ఇష్టంలే ఆ పిల్లకు,” అన్నాడాయన ఎటో చూస్తూ.

ఇష్టం కావ్యాల మీదా, అవి చెప్పే ఆయన మీదా? గోవిందమ్మకు ఇంగ్లీషు రాకపోవచ్చు గాని లోకం తెలుసు. ఆమె పుస్తకం పట్టుకుని రాగాలు తీయడం, ఈయన కళ్ళు మూసుకుని తలాడించడం! పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన మాట ఒక్కటైనా అట్లా విన్నాడా?

తలుపు చాటున చేరి చెవి ఒగ్గింది.

“ఆ కాలం ప్రేమకథలన్నిటికీ ఒకటే మూస,” రామసుబ్బయ్య తెలుగులో చెబుతున్నాడు. “వీరుడికి ఇంకొకడి పెండ్లాం మీద మనసు. ఆమె మేడ మీద, వీడు మేడ కింద. కరుణించకుంటే చచ్చిపోతా అంటాడు. ఆమె మాత్రం నోరు తెరవదు.”

“ఈ కవి ఆమెకు నోరిచ్చినాడు సారూ,” రూతమ్మ నవ్వింది. “చచ్చేటోడికి ఇన్ని పాటలెందుకు, పోయి నీ గుర్రానికి గడ్డేసుకో అంటాది.”

“అదీ దెబ్బ! వీరుణ్ణి గుర్రం దించినాడు, ఆమెను మేడ దించినాడు. ఇద్దర్నీ మనుషుల్ని చేసినాడు. ఏదీ, ఆ ముక్క ఇంకోసారి చదువు.”

ఇంత విన్నా గోవిందమ్మకు ఎక్కినవి రెండే మాటలు. మనసు, చచ్చిపోతా.

మళ్ళీ ఆదివారం ఆయన స్నానానికి పోయిన సమయంలోనే రూతమ్మ వచ్చింది. గోవిందమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“సారు లేడు.”

“ఎప్పుడొస్తాడు అక్కా?”

“నీకు ఎప్పటికీ రాడు. పెండ్లామున్న మొగోడి అరుగు పట్టుకోని యేలాడేదానికి సిగ్గు లేదా? ఇంకోసారి ఈ వీధి తొక్కినావంటే గిద్దలూరొచ్చి నీ బడి ముందర అరుస్తా.”

రూతమ్మ మొహం పాలిపోయింది. ఏదో చెప్పబోయింది. దొడ్లోంచి నీళ్ళ చప్పుడు వినబడేసరికి అటు చూసి ఆగిపోయింది.

“సరే అక్కా. సారును జాగర్తగా చూసుకో.”

పీడ విరగడయిందని గోవిందమ్మ ఆ పూట పాయసం వండింది.

రామసుబ్బయ్య మాత్రం పొద్దుగూకేదాకా అరుగు మీదే కూర్చున్నాడు.

“రాలేదేంది ఆ పిల్ల?”

“ఏమో, పెండ్లి కుదిరిందేమో,” అంది గోవిందమ్మ తడుముకోకుండా.

ఆ వారంలోనే ఒకరోజు ఆయన మధ్యాహ్నం కాకముందే ఇల్లు చేరాడు. సంచి పక్కన పడేసి కూలబడ్డాడు.

“ఏందయ్యా, కాలేజీ లేదా?”

“ఇంక లేదు. మానుకోమన్నారు.”

“ఏం చేసినావని?”

“పాఠం చెప్పలేక తడబడినా. ప్రిన్సిపాలు వచ్చి పుస్తకం చేతికిచ్చినాడు. ఒక్క లైను చదవమన్నాడు.”

“చదవొచ్చు గదా!”

ఆయన ఆమె వైపు తిరిగాడు. చూపు మాత్రం పక్కనున్న గోడ మీద ఆగింది.

“దోవ కనబడతాది. మనుషులు మసగ్గా ఆనతారు. అక్షరమే, ఏడాదయింది, ఆనడం లేదు. నువ్వు దిగులుపడతావని చెప్పలేదు. ఎవరికీ చెప్పొద్దని ఆ పిల్ల చేత ఒట్టేయించుకున్నా.”

గోవిందమ్మ అరుగు వైపు చూసింది.

“ఆదివారం ఆమె చదివి వినిపిస్తేనే గదా, వారమంతా నేను క్లాసు చెప్పింది,” అన్నాడు రామసుబ్బయ్య. “ఎందుకు మానుకున్నదో, పాపం.”

గుమ్మంలోనే నిలబెట్టి తాను తరిమేసింది ఆయన కళ్ళనని గోవిందమ్మకు అప్పుడు తెలిసింది.