మొండి ఇంజను

ఇంజను మళ్ళీ మూలిగింది. రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది.

"ఇంకోసారి తిప్పు," అన్నాడు అర్విద్, బండి ముందు నిలబడి.

"చేతులు కొంకర్లు పోతున్నాయి. నువ్వే తిప్పుకో. నువ్వు పెళ్ళాడింది దీన్నే కదా!" జనెల్ తాళం చెవి సీటు మీద పడేసి కిందికి దిగింది.

మంచు కోట్లు తొడుక్కుని వెనక సీట్లలో మూటల్లా కూర్చున్న నలుగురు పిల్లలూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. వాళ్ళ వెనక రెండు సూట్‌కేసులు. బిస్మార్క్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నానని జనెల్ నిన్న భోజనాల దగ్గర చెప్పేసింది. ఎప్పుడొస్తావని అర్విద్ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

పొద్దుతిరుగుడు కోత అయిన మర్నాటి నుంచి అతను షెడ్డులోనే కాపురం పెట్టాడు. ఎనిమిది సీట్ల ఆ బండిలోంచి పెట్రోల్ ఇంజను పీకేసి, తుక్కుకి పోయిన స్కూలు బస్సు డీజిల్ ఇంజను ఎక్కించాడు. దాని బరువుకి ముందు స్ప్రింగులు మార్చాడు, ట్యాంకు మార్చాడు, గొట్టాలు మార్చాడు. థాంక్స్‌గివింగ్ పండగ విందు కూడా అక్కడే, ఇంజను మీద పళ్ళెం పెట్టుకుని తిన్నాడు.

నార్త్ డకోటా చలికి డీజిల్ బండిని రాత్రంతా కరెంటుకి తగిలించి ఉంచాలి. ఇంజను హీటరు నుంచి వేలాడే తీగని గోడ ప్లగ్గులో పెట్టకపోతే తెల్లారేసరికి లోపలి నూనె పాకంలా చిక్కబడుతుంది. ఇక బండి లేవదు.

అర్విద్ తమ్ముడు లైల్ అటుగా పోతూ పికప్పు ట్రక్కు ఆపి దిగాడు. వంగి చూసి నవ్వాడు.

"తీగ మంచులో పడుందేంటన్నయ్యా? ఇంత ఇంజను ఎక్కించి, ప్లగ్గు పెట్టడం మర్చిపోయావా?"

"నిన్న సాయంత్రం పెట్టాం. పిల్లలు కూడా చూశారు," అంది జనెల్.

"అయితే దయ్యం పీకిందన్నమాట!" లైల్ అన్న వైపు చూసి కన్ను గీటాడు. అర్విద్ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఈథర్ స్ప్రే కొట్టి లేపుదామా? చల్లటి ఇంజనైనా చటుక్కున అంటుకుంటుంది," అన్నాడు లైల్.

"వద్దొద్దు. పేలుతుంది," అన్నాడు అర్విద్ గబుక్కున.

"పోనీ, వదినా, నా బండెక్కండి. బిస్మార్క్‌లో దింపేసి వస్తా."

జనెల్ ఆ పికప్పునీ, పిల్లల్నీ మార్చి మార్చి చూసింది.

"నలుగురు పిల్లలు, వాళ్ళ కారు సీట్లు, ఈ సూట్‌కేసులు. ఇవన్నీ ఎక్కడ పెడతావు, నీ నెత్తినా?"

లైల్ చేతులెత్తేసి వెళ్ళిపోయాడు. అర్విద్ తీగ దులిపి ప్లగ్గులో పెట్టాడు. "మధ్యాహ్నానికి వేడెక్కుతుంది," అన్నాడు. ఆ మాట పూర్తికాకుండానే పిల్లలు కేరింతలు కొడుతూ ఇంట్లోకి పరిగెత్తారు.

వంటింట్లో జనెల్ కాఫీ పోసింది. తాగమని మాత్రం అనలేదు.

"పాత ఇంజనే ఉంటే ఈపాటికి సగం దారిలో ఉండేదాన్ని. ఎంత చలైనా ఒక్క తిప్పుకి లేచేది."

"ఊఁ."

"ఊఁ కాదు. ఎందుకు చేశావిదంతా? నేనడిగానా?"

అర్విద్ కప్పు చుట్టూ అరచేతులు పెట్టుకున్నాడు. "పోయిన మార్చిలో మంచు తుఫాన్లో చిక్కుకుపోయారు కదా, నువ్వూ పిల్లలూ. పెట్రోల్ అయిపోయి."

"అయితే?"

"దీని ట్యాంకు నింపితే బిస్మార్క్ పోయి రావచ్చు. దారిలో ఎక్కడైనా ఆగిపోయినా, కాస్త డీజిల్‌తో రాత్రంతా నడుస్తుంది. లోపల వెచ్చగా ఉంటుంది."

జనెల్ కాఫీ కూజా కింద పెట్టింది. "ఈ ముక్క ఇన్నాళ్ళూ నోటితో చెప్పడానికేమైంది?"

"చెప్పడం రాకే చేశాను."

"నాకు కావలసింది ఇంజను కాదు, అర్విద్. ఆ రోజు బండిలో ఎలా గడిచిందని ఒక్కసారి అడుగుతావనుకున్నా."

అతను కప్పు పక్కకి జరిపాడు. తర్వాత తలెత్తాడు. "ఎలా గడిచింది?"

ఆమె చెప్పింది. పిల్లల్ని ఒకళ్ళ మీద ఒకళ్ళని ఎలా పడుకోబెట్టిందో, తన కోటు తీసి చంటిదానికి ఎలా చుట్టిందో, చలికి వాళ్ళు నిద్రలోకి జారి ప్రాణం మీదికి తెచ్చుకోకుండా మార్చి నెలలో క్రిస్మస్ పాటలు గొంతు పోయేదాకా ఎలా పాడిందో. అర్విద్ కళ్ళు తుడుచుకున్నాడు, దాచుకోకుండా.

"వెళ్ళకు, జనెల్," అన్నాడు చివరికి.

మధ్యాహ్నం ఆమె వెళ్ళి తాళం తిప్పింది. ఇంజను ఒక్కసారికే గుర్రుమంటూ లేచింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. జనెల్ కాసేపు కూర్చుని ఆ రొద విని, ఇంజను ఆపేసి, సూట్‌కేసులు దింపింది.

గుమ్మం దగ్గర ఆగి, అతని వైపు చూడకుండా అడిగింది. "నిజం చెప్పు. తీగ పీకింది నువ్వే కదూ?"

అర్విద్ టోపీ సర్దుకున్నాడు. "నేనే. నువ్వు పోతుంటే చూడలేక."

"సిగ్గు లేదూ!" అంది జనెల్. అంటూనే అతని టోపీ కళ్ళ మీదికి లాగి, ఫక్కున నవ్వింది. ఆ నవ్వు మళ్ళీ తన గుమ్మంలో వినిపించినందుకు అర్విద్ మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

తెల్లవారకముందే తీగ పీకేద్దామని అతను బండి దగ్గరికి వెళ్ళిన మాట నిజమే. కొత్త మంచు మీద ఒక్క వరస ఆడవాళ్ళ బూట్ల జాడలు ఇంటి నుంచి బండిదాకా వెళ్ళి తిరిగి వచ్చి, తీగ అప్పటికే మంచులో పడి ఉంటే, చేతులు జేబులో పెట్టుకుని చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చాడు.

తీగ పీకింది జనెల్.