సంచీ కాపలా

"అమ్మా, ఈ సంచీ కాస్త చూస్తుంటారా? ఇప్పుడే వస్తాను."

పక్కన కూర్చున్న పెద్దాయన మళ్ళీ లేచాడు.

కోర్టు వరండా బెంచీ మీద ఆమెకి ఒళ్ళు మండింది. పొద్దుట్నుంచీ ఇదే తంతు. పిడి తెగితే ముడేసుకున్న ఆ ఆకుపచ్చ సంచీ ఆమె ఒళ్ళో పెట్టడం, వరండా చివరున్న మరుగుదొడ్డికి పరుగులాంటి నడక నడవడం.

ఆమె గోల ఆమెది. పనిచేసే కొట్లో దొంగతనం చేశాడని కొడుకుని జైల్లో పెట్టారు. దొంగతనం జరిగిన వేళకి వాడు బస్టాపులో ఉండగా చూసినాయన ఒకరున్నారట. తనంతట తానే వచ్చి సాక్ష్యం చెబుతానన్నాడట.

"ఆయనెవరో మీకు తెలియకపోవడమే మంచిదమ్మా. తెలిస్తే మీరే నేర్పించారంటారు," అన్నాడు లాయరు.

ఆమె పేరు కూడా అడగలేదు. ఎవరైతేనేం, ఆ మనిషి చల్లగా ఉండాలని రోజూ దణ్ణం పెట్టుకుంటోంది.

పెద్దాయన తిరిగొచ్చేసరికి ఆమె కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమైందమ్మా?"

"ఏం కావాలి? మావాణ్ణి ఇప్పుడే ఆ మెట్ల మీదుగా తీసుకెళ్ళారు. మీ సంచీ వదిలి వెళ్ళనా, పట్టుకెళ్ళనా అని తేల్చుకునేలోగా దాటిపోయారు. ముఖమైనా చూడలేదు."

ఆయన చాలా నొచ్చుకున్నాడు.

"తప్పు నాదేనమ్మా. గుండె జబ్బు. ఒంట్లో నీరు చేరకుండా పొద్దున్నే నీటిమాత్ర వేసుకోవాలి. అది పడ్డాక మధ్యాహ్నం దాకా కుదురుగా కూర్చోనివ్వదు."

"మీరు అటెళ్ళినప్పుడే లోపలి నుంచి పిలుపొస్తే?"

"నా భయమూ అదే."

"మరి కోర్టుకొచ్చే ఈ నాలుగు రోజులూ మానెయ్యొచ్చుగా. అంతమాత్రానికే కొంప మునుగుతుందా?"

నోరు జారిందని తెలుసు. అయినా కోపంలో ఉంది, సర్దుకోలేదు.

"డాక్టరు మానొద్దన్నాడు," అని గొణిగాడాయన.

మర్నాడు ఆయన బెంచీ మీంచి లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు.

"మీ మాటే విన్నానమ్మా. ప్రాణం హాయిగా ఉంది."

ఆమె నవ్వింది. ఆ పూట మెట్ల దగ్గర నిలబడి కొడుకుని కళ్ళారా చూసుకుంది కూడా.

తర్వాత రోజు లాయరు గేటు దగ్గరే ఎదురొచ్చాడు.

"ఇవాళ మన సాక్షిని పిలుస్తారు. ఇవాళ తప్పితే జడ్జిగారు ఇక ఇంకో అవకాశం ఇవ్వరు," అనేసి లోపలికి పరుగెత్తాడు.

ఆమె గుండె చేత్తో పట్టుకుని బెంచీ దగ్గరికొచ్చింది.

పెద్దాయన చెప్పులు పట్టక పక్కన విడిచేశాడు. పాదాలు పొంగిన పిండిలా ఉన్నాయి. రెండు మాటలకే ఆయాసం.

"రాత్రి పడుకుంటే ఊపిరాడలేదు. కూర్చునే తెల్లవార్చాను."

"అయ్యో, ఆస్పత్రికి వెళ్ళక ఇక్కడికెందుకొచ్చారు?"

"ఇవాళ పిలుస్తారమ్మా. చెప్పేసి వెళతాను."

అలా అంటూనే సంచీ ఆమె ఒళ్ళో పెట్టి పక్కకి ఒరిగిపోయాడు.

జనం మూగారు. అంబులెన్సు వచ్చింది. గుండె జబ్బుకి నీటిమాత్ర వేసుకుంటారని ఆమె చెబితే, అందులోంచి దిగిన నర్సు ఆయన కాళ్ళు నొక్కి చూసింది. వేలు పెట్టిన చోట గుంట పడింది.

"నీటిమాత్ర ఎన్నాళ్ళ నుంచి మానేశారు?"

ఆయన మాట్లాడే స్థితిలో లేడు. ఆమే చెప్పింది.

"మొన్నట్నుంచి."

"ఇబ్బందిగా ఉంటే డాక్టర్ని అడగాల్సింది. వేసుకునే వేళ మార్చేవారేమో. సొంతంగా మానేస్తారా? ఎవరు మానెయ్యమన్నారమ్మా?"

స్ట్రెచరు మెట్లు దిగిపోయింది. ఆమెకి వెంట వెళ్ళాలని ఉంది. కొడుకుని వదిలి ఎలా వెళుతుంది? ఎటూ కదల్లేక సంచీ ఒళ్ళో పెట్టుకుని ఉన్నచోటే కూలబడింది.

లోపలి నుంచి బంట్రోతు వచ్చి, కొడుకు కేసు నంబరు చదివి సాక్షిని పిలిచాడు.

మళ్ళీ పిలిచాడు.

ఎక్కడున్నావో రా నాయనా అనుకుంటూ ఆమె వరండా ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్కో ముఖమే చూసింది.

బంట్రోతు మూడోసారి పిలిచి లోపలికి వెళ్ళిపోయాడు.

లాయరు బయటికి పరుగెత్తుకొచ్చాడు. ఖాళీ బెంచీ వైపు చూశాడు, తర్వాత ఆమె ఒళ్ళోకి చూశాడు.

"ఆయన సంచీ మీ దగ్గరుందేంటమ్మా?"