లండన్ నుంచి సిడ్నీకి దారం

వారపత్రికలో పోటీ. లండన్ నుంచి సిడ్నీకి విమానంలో ఎన్ని మైళ్లు? బహుమతి రేడియో. మా ఆయన బడిలోని పెద్ద ప్రపంచ పటం మీద దారం పరిచి, సరిగ్గా ఆ కొలతకు తెంచి, మైళ్లు లెక్కకట్టడానికి ఇంటికి తెచ్చారు.

తెల్లారి చూస్తే దారం లేదు.

“ఏమే, నా దారం యాడ?”

“రెండు ముక్కలు చేసి పూలు కట్టినాను. సిడ్నీ నా జడలో ఉంది.”

“లండన్?”

“మా చెల్లెలు దేవకి తలలో పెట్టుకొని ఎమ్మిగనూరు బస్సెక్కింది.”

“అయ్యో! బడికి దసరా సెలవులు. జవాబు రేపటికల్లా పోస్టులో పడాల. ఆ పూలు పారేయకముందే పోయొస్తా. నీవి తీసియ్యి.”

“శుక్రవారం పూట తలలో పూలు తీయకూడదు. సిడ్నీ కావాలంటే నేనూ రావాల.”

ఉగాది నుంచి ఎమ్మిగనూరు పుట్టింటికి తీసుకుపొమ్మంటే తీరిక లేదన్న మనిషి, ఆదోని బస్టాండుకు నాకంటే ముందు పరుగెత్తారు.

పూలు కట్టడానికి ఇంట్లో వేరే దారం లేదా అని ఆయన అడగలేదు. పెట్టెలో నిండు దారపు ఉండ ఉందని నేనూ చెప్పలేదు.